బొటనవేలంత సైనికుడి చూపు

దగ్గరికి జరగండి తల్లీ. వెనక నిలబడ్డ అయ్యలు కూడా వచ్చి చాప మీద కూర్చోండి, చోటుంది. దేవుడి దయవల్ల గాలి చల్లగా వీస్తోంది. జమాల్ తాత సంగతి ఒకటి చెప్పుకుందాం.

ఆదోని కొండ కింద చిన్న దర్గాలో ఉండేవాడు తాత. ఆయనకు దస్తగిరి అని ఒక శిష్యుడు. ఊళ్లో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. నక్షత్రాల మధ్య జరిగే యుద్ధాల నవలలంటే ప్రాణం. ఆ నవలల్లోని సైన్యాలతోనే బల్ల మీద ఆడే ఆట ఒకటుందట. బొటనవేలంత బొమ్మ సైనికులకు సన్న కుంచెతో రంగులేసి, అట్టముక్కల కోటల మధ్య నిలబెట్టి ఆడతారు. దస్తగిరి కూడా స్నేహితులతో మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం బొమ్మల పెట్టె చంకన పెట్టుకుని దర్గాకొచ్చాడు. ముఖాన కళ లేదు.

"ఇవి ఎవరికన్నా ఇచ్చేయండి తాతా."

"ఏం నాయనా, ఓడిపోయినావా?"

"ఓడితే బాధ లేదు. నవల చదువుతుంటే ఆ ఎర్రటి ఆకాశం, కూలిన గోపురాలు కళ్ల ముందుకొస్తాయి. అక్కడికి పోవాలని ప్రాణం కొట్టుకుంటది. ఆటలో దిగితే పోవచ్చనుకున్నా. బల్ల ముందు నిలబడితే అట్టముక్కలు, ప్లాస్టిక్కు. అంతే. ఈ కోరికే నాలోంచి తీసేయండి తాతా."

"తీసేద్దాంలే. ముందు ఆట చూపించు. నేను మళ్లీ ఎప్పుడు చూడబోతా."

అన్నాలు వడ్డించే బల్ల తుడిచి, దస్తగిరి కోటలు, సైనికులు పేర్చాడు. తాత ఒకణ్ని వేలితో చూపించాడు.

"ఈ మీసాలోడు ఆ గోడ వెనకున్నోణ్ని కాల్చొచ్చా?"

"అది మీసం కాదు తాతా, గాలి పీల్చే గొట్టం. వీడికి వాడు కనబడితేనే కాల్చొచ్చు."

"కనబడేది మనకెట్లా తెలుస్తది?"

"వంగి, వీడి తల వెనక కన్ను పెట్టి చూడాలి. ఆట నియమం అది."

"నువ్వు చూస్తావా?"

"నాకెందుకు తాతా? వీళ్ల కథంతా చదివినోణ్ని. పైనుంచే తెలిసిపోతది."

తాత మోకాళ్ల నొప్పుల మనిషి. బల్ల పట్టుకుని, మూలుగుతూ నేల మీదికి దిగాడు. చెంప బల్లకు ఆనించి, ఆ బొమ్మ వెనక కన్ను పెట్టాడు. చాలాసేపు లేవలేదు. తర్వాత కాస్త పక్కకు జరిగి, పక్కనున్న చోటు చేత్తో తట్టాడు.

దస్తగిరి మోకాళ్ల మీద కూర్చుని, చెంప బల్లకు ఆనించాడు.

అట్టముక్క గోడ ఆకాశానికి లేచింది. దాని పగుళ్లలోంచి పొద్దుగూకే ఎండ ఎర్రగా పడుతోంది. గోపురాల మధ్య అగరొత్తి పొగ పాకుతోంది. ముందు నిలబడ్డ సైనికుడి భుజం మీద తను వేసిన రంగే. ఆ భుజానికి అవతల, ఇంకా ఎంతో దూరం ఉంది.

"తీసేయమంటావా, ఆ కోరిక?" చెవి పక్కనే తాత గొంతు.

దస్తగిరి తల ఎత్తలేదు.

"వద్దు తాతా."

అమ్మలారా, అయ్యలారా, ఈ కథలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. నొప్పి మోకాళ్లతో తాత వంగాడే, అదొక్కటి గుర్తుంచుకోండి. ఇంటికి పోయినాక, పైనుంచే తెలిసిపోయిందనుకున్న దాని దగ్గర మీరూ ఒకసారి వంగి చూడండి.