దళపతి పట్టని పగ్గాలు

కొండదారిలో రాజుగారి రథం ఒరిగిపోయి, కింద పడి ఒక భటుడు చనిపోయాడు.

"ఇరుసు గట్టిదే ప్రభూ. సారథి పెంచలయ్యకు తోలడం చేతకాలేదు," అన్నాడు దళపతి వీరకేతు. ఆ ఇరుసు చేయించింది ఆయనే. రాజు పెంచలయ్యకు మరణశిక్ష వేశాడు.

రథం బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి ఓబులేసు చేతులు జోడించాడు. "ప్రభూ, విరిగిన చక్రం మార్చాను. ఇరుసు గట్టిదని దళపతిగారు అన్నారు కాబట్టి దాని జోలికి పోలేదు. లోయలోకి దిగేటప్పుడు వారినే తోలమనండి. చేతనైనవారికి భయమేముంది?"

రాజు సరేనన్నాడు. వీరకేతు పగ్గాల దాకా చెయ్యి చాపి, లోయకేసి చూసి ఆగిపోయాడు.

"ముందు ఆ ఇరుసు మార్చు," అన్నాడు మెల్లగా.

ఎవరూ నవ్వలేదు. రాజే వెళ్ళి పెంచలయ్య కట్లు విప్పాడు. తర్వాత భటుడి పాడెకు భుజం పట్టి, కాలినడకన లోయలోకి దిగాడు.