పొడిచీరమ్మకు నీళ్ళు పోయని కథ

మెట్టవలస బడి వెనుక కూరతోటలో, ఆనప పందిరి పక్కన వెలసిన పొడిచీరమ్మకు అభిషేకం లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చిన కొత్త భక్తులు ఇక్కడ ముఖముఖాలు చూసుకుంటారు. ఆ చెంబును గట్టు మీద బోర్లించి, అమ్మవారిని పొడిగుడ్డతో తుడిచి దండం పెట్టుకోవాలి. ఇదెక్కడి చోద్యం అనుకునేవారి కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ ఖాళీ కళ్ళం ఉండేది. పిల్లల మధ్యాహ్నపు అన్నంలోకి కూరలు పండిస్తానని వరహాలమ్మ పంతులమ్మ అడిగితే, ఆసామి సన్యాసినాయుడు ఒప్పుకున్నాడు. "ఏడాది సూస్తాను పంతులమ్మా. పిల్లల కంచంలోకి కూర రాకపోతే నా కళ్ళం నాకొగ్గీయాల" అని మాత్రం గట్టిగా చెప్పాడు. పంతులమ్మ పిల్లకొక మొక్క చొప్పున అప్పగించి, ప్రాణంలా చూసుకోమంది.

తొలకరిలో వేసిన బెండ కుళ్ళిపోయింది. వానలు ఎక్కువయ్యాయనుకుంది. చలికాలంలో టమాటా నారు పసుపెక్కి వాలిపోయింది. మంచు దెబ్బ అనుకుంది. వేసవిలో ఆనప పాదులూ అదే దారి పట్టేసరికి ఆమెకు మతిపోయింది. పైన ఎండ మండిపోతోంది, పాదుల్లో చూస్తే బురద. ఊట పుట్టిందా? ఎవరి దిష్టయినా తగిలిందా? అడిగినవారల్లా తలా ఒక మాట చెప్పి ఆమెను మరింత అయోమయంలో పడేశారు. గడువు రెండు నెలలే మిగిలింది.

ఒక మధ్యాహ్నం బడి వరండాలో కునుకు పడితే, కలలో ఒక ముసలామె తడిచీరతో వణుకుతూ కనిపించింది. "ఒక్కపూటైనా నా సీర ఆరనీయవే అమ్మా" అని మాయమైంది. ఎవరామె? చీరేమిటి? ఏమీ పాలుపోక, పిల్లలు అమ్మోరని మొక్కే తోటలోని రాతికి పంతులమ్మ కొత్త చీర కట్టింది. బడి వదిలేసరికి అది తడిసి ముద్దయింది. ఆకాశంలో మబ్బుతునక లేదు.

మర్నాడు ఆమె పందిరి చాటున కూర్చుంది. ఒక పిల్ల అటూ ఇటూ చూసి, పొద్దున తడిపిన తన పాదులోనే మళ్ళీ చెంబెడు నీళ్ళు పోసి, "మా పాదే ముందు కాయాల" అని మొక్కుకుంటూ అమ్మోరి మీద మరో చెంబు కుమ్మరించి పోయింది. ఆ వెనుక ఇంకొకడు. అలా ఒకరికి తెలియకుండా ఒకరు, బడిలోని నలభైమందీ వచ్చారు. ఆఖరున వచ్చిన పైడితల్లి అనే పిల్ల చెయ్యి పట్టుకుని పంతులమ్మ కసిరింది.

"మరి మీరే కదండీ పేనంలాగ సూసుకోమన్నారు?" అంది ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని.

తన మాటే తోటను ముంచిందని తెలిసి పంతులమ్మ అక్కడే చతికిలబడి ఏడ్చింది.

ఆ వారమంతా ఎవరూ చుక్క నీరు పోయలేదు. పాదులు తేరుకున్నాయి. గడువుకు రెండు రోజుల ముందు పిల్లల కంచాల్లో ఆనపకాయ పులుసు పడింది. నాయుడు కూడా పిల్లల మధ్య కూర్చుని తిని, "ఇంక ఈ కళ్ళం అమ్మోరిదే" అని లేచాడు.

కలలో వచ్చింది అమ్మవారో, నానిపోయిన తోటో పెద్దలకు నేటికీ తేలలేదు. బిడ్డల మీద బెంగపడే తల్లులు శనివారాల్లో వచ్చి పొడిచీర సమర్పిస్తే బిడ్డలు చల్లగా ఉంటారని నమ్మకం. అయితే ఆ పూట తోటపనంతా వెంట వచ్చిన పిల్లలదే. వాళ్ళు తీగ తొక్కినా, పిందె తెంపినా తల్లులు గట్టు మీదే చేతులు కట్టుకుని నిలబడాలి, నోరు మెదపకూడదు. పొర్లుదండాలకన్నా ఇదే కష్టమని ఏటా వచ్చే తల్లులు అంటారు.