నలభై ఒక్క పేర్లు

మా విశ్వవిద్యాలయంలో మెయిల్ సర్వరు చూసేది జోగారావు గారు. ఏడాదికోసారి అందరి ఖాతాలనూ పరీక్షిస్తారు. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఫోన్ నంబర్లు, ఇలా జనం మామూలుగా పెట్టుకునేవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూసే ప్రోగ్రాం ఒకటుంది. దానికి ఖాతా తెరుచుకుందంటే ఆ పాస్‌వర్డ్ బలహీనమని లెక్క. ఈ ఏడు ఆ పని, ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఫరీదా చేతికొచ్చింది. మొదలుపెట్టబోతూ అడిగింది: "సార్, వైస్ ఛాన్సలర్ గారి ఖాతా కూడా కలపమంటారా? పెద్దాయనది పరీక్షిస్తే బాగుంటుందా?"

జవాబుగా ఆయన పదకొండేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పారు. ఆయన చెబుతున్నప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

ఆ ఏడు పరీక్షలో నలభై ఒక్క ఖాతాలు తెరుచుకున్నాయి. అప్పటి వైస్ ఛాన్సలర్ గారి ఖాతాను మాత్రం ముందే పక్కన పెట్టేశారు. పెద్దవాళ్ల ఖాతాల జోలికి పోకపోవడం మా ఆఫీసు ఆనవాయితీ. దాన్ని మేం సంస్కారం అంటాం. నిజానికి ఆ ఖాతాకి పరీక్షే అక్కర్లేదు. ఆయన పదవిలో చేరిన రోజు జోగారావు గారే విశ్వవిద్యాలయం పేరు, పక్కన ఒకటి రెండు మూడు వేసి పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత మార్చుకోమన్నారు. ఆ పెద్దమనిషి మార్చుకోలేదు. అడిగే ధైర్యం ఈయనకూ లేకపోయింది.

తెరుచుకున్న ఖాతాల జాబితాలో పరీక్షల విభాగం టైపిస్టు ఛాయాదేవి పేరు కూడా ఉంది. కూతురి పేరే పాస్‌వర్డ్. జోగారావు గారు చెప్పగానే ఆవిడ నొచ్చుకుని, ఆ మధ్యాహ్నమే మార్చుకుంది. గట్టిగా ఉందో లేదో చూడమని మళ్లీ పరీక్ష కూడా చేయించుకుంది. నలభై ఒక్క మందిలో ఆ పాటి శ్రద్ధ చూపింది ఆవిడొక్కతే. జాబితా మాత్రం పాతదే, ఈయన సంతకంతో, పైవాళ్ల ఫైల్లోకి వెళ్లిపోయింది.

రెండు నెలలకి ప్రశ్నపత్రం బయటికి పొక్కింది. ఛాయాదేవి టైపు చేసి, ఆమోదం కోసం వైస్ ఛాన్సలర్ గారికి మెయిల్లో పంపిన పత్రమది. విచారణ కమిటీ జాబితా తెరిచింది. ఆవిడ పేరు కనబడింది. ఇంకేం కావాలి? పద్దెనిమిదేళ్ల ఉద్యోగం నాలుగు రోజుల్లో ఊడింది.

ఏ ఖాతాను ఎక్కణ్ణుంచి తెరిచారో సర్వరు రాసిపెట్టుకుంటుంది. అందులో చూస్తే, ఎవరో ఊరుకాని ఊరి నుంచి తెరిచింది పెద్దాయన ఖాతాను. జోగారావు గారు ఆ కాగితం తీసుకుని రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లారు. ఆయన చదివి, మడిచి, తిరిగి చేతిలో పెట్టారు. "విచారణ అయిపోయిందండీ. మీకూ పిల్లలున్నారు కదా," అన్నారు. జోగారావు గారు కాగితం జేబులో పెట్టుకుని వచ్చేశారు.

వెళ్లిపోయే రోజు ఛాయాదేవి ఈయన గుమ్మం దగ్గర నిలబడింది. "నేను మార్చుకున్నానని మీకు తెలుసు కదా సార్," అంది. ఈయన కంప్యూటర్ వైపు చూస్తూ ఉండిపోయారట. అది విన్నప్పుడు నాకు ఆయన మీద ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

ఫరీదా, "మరి ఇప్పుడేం చేయమంటారు సార్?" అంది.

"అప్పుడు నలభై ఒక్క పేర్లే రాశానమ్మా," అన్నారు జోగారావు గారు. "రాయవలసినవి నలభై మూడు. పెద్దాయనదొకటి, నాదొకటి."