పడవ అడుగున సీసం

అనగనగా, ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలు కూడా తుప్పు పట్టిపోయే ఒక రేవుపట్నం ఉండేది. దాని పేరు వేలాపురం. ఆ పట్నాన్ని జయకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ఓడలంటే ప్రాణం. సముద్రం సంగతి మాత్రం ఒడ్డున నిలబడి చూసేవాడికి ఎంత తెలుస్తుందో అంతే తెలుసు.

ఆ రాజుగారి ఓడల కార్ఖానాలో లింగాచారి అనే పెద్ద మేస్త్రీ నలభై ఏళ్ళు పనిచేశాడు. ముప్పై ఒక్క ఓడలు కట్టాడు. ఒక్కటీ మునగలేదు. ఆయన కట్టిన ఓడల్లో తెరచాప కొయ్య పొట్టిగా ఉండేది. అడుగున రాళ్ళ బరువు నిండుగా ఉండేది. అందుకని అవి మెల్లగా వెళ్ళేవి, భద్రంగా తిరిగి వచ్చేవి. భద్రంగా తిరిగి వచ్చిన ఓడను చూసి చప్పట్లు కొట్టేవాళ్ళెవరు పిల్లలూ? పైపెచ్చు ఊళ్ళో ఆయనకు ‘పొట్టికొయ్య ఆచారి’ అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన నవ్వేసేవాడు. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆయనకు అరవై ఏళ్ళు నిండగానే రాజు పిలిపించి, శాలువా కప్పి, చేతికి కంకణం తొడిగి, ఇక ఇంటి పట్టున విశ్రాంతిగా ఉండమన్నాడు. ఆ స్థానంలో సోమన్న అనే శిష్యుణ్ణి కూర్చోబెట్టాడు. సోమన్నకు ఉలి పట్టుకోవడం నేర్పింది లింగాచారే. అయినా ఆ రోజు శిష్యుడు కాళ్ళకు దండం పెడితే, ఆయన దీవించకుండా ఉలుల సంచి సర్దుకోసాగాడు.

నలభై ఏళ్ళు పనిచేసిన చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చోమంటే కూర్చుంటాయా? నెల తిరక్కుండానే లింగాచారి పెరటి వసారాలో పని మొదలుపెట్టాడు. మూరెడు పొడవు పడవలు. టేకు ముక్కలను బాడిసతో చెక్కి, పలకలను వేడినీళ్ళలో నానబెట్టి వంచి, సందుల్లో దూది కూరి, నూనెలో కరిగించిన గుగ్గిలం పూసేవాడు. గరుకు గరుకుగా ఉండే బరింక ఆకు తెచ్చి, చెక్క అద్దంలా మెరిసేదాకా రుద్దేవాడు. ఆయన పాత పంచెలు చింపి, గంజి పెట్టి, ఆయన భార్య మాణిక్యాంబ తెరచాపలు కుట్టిచ్చేది.

కట్టేది తన పెరట్లో. వద్దనడానికి రాజు లేడు, జాగ్రత్త చెప్పడానికి తనలోని మేస్త్రీ కూడా విశ్రాంతిలో ఉన్నాడు. జన్మలో ఒక్కసారైనా పొడుగు కొయ్య ఉన్న పడవ కట్టాలనిపించింది లింగాచారికి. కట్టాడు. పడవ ఒంటికి రెండింతల పొడవున కొయ్య, దాని నిండా తెల్లటి తెరచాప. నీళ్ళ తొట్టిలో పెట్టి విసనకర్రతో విసిరాడు. పడవ బోర్లా పడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది.

పక్కింటి నూకయ్య చేపలు పట్టేవాడు, ఓడ మీద పని దొరికితే కొయ్య ఎక్కి తెరచాపలు విప్పేవాడు. లింగాచారి అతని దగ్గరికి వెళ్ళి, నిటారు చూసుకునే తూకం గుండు పోత పోసుకోవాలని సాకు చెప్పి, పాత వలకు కట్టిన సీసం గుళ్ళుంటే నాలుగు ఇమ్మన్నాడు. నూకయ్య దోసెడు ఇచ్చాడు. మాణిక్యాంబ పొయ్యి మీద మూకుడు పెట్టి కరిగించింది. లింగాచారి పడవ అడుగు దూలాన్ని తొలిచి, సీసం పోసి, పైన చెక్క బిళ్ళ అతికించి, నల్లరంగు వేశాడు. అతుకు ఎక్కడుందో ఆయన వేలికే తెలియలేదు. ఇప్పుడు విసనకర్రతో ఎంత విసిరినా పడవ పక్కకు వంగి, మళ్ళీ లేచి నిలబడింది.

వేలాపురంలో ఒక ఆనవాయితీ ఉండేది. వానలు వెనకపట్టాక, పెద్ద ఓడలు సముద్రంలోకి దిగే ముందు రోజు, ఊరంతా నదిలో చిన్న పడవలు వదిలేవాళ్ళు. ఆ ఏడు గాలి కాస్త గట్టిగా వీచింది. అందరి పడవలూ తలకిందులయ్యాయి. లింగాచారి పడవ ఒక్కటే హంసలా ఏరు దాటింది. జనం కేకలు పెట్టారు. పొట్టికొయ్య ఆచారి అన్న నోళ్ళే ఓడల బ్రహ్మ అన్నాయి. రాజు స్వయంగా మెట్లు దిగి వచ్చి పడవను చేతిలోకి తీసుకుని, అటువంటి ఓడే తనకు పెద్దది కావాలన్నాడు.

సోమన్న పక్కకు వచ్చి, తలవంచి, నెమ్మదిగా అడిగాడు.

“గురువుగారూ, ఇంత పొడుగు కొయ్య పెట్టి ఇది ఎలా నిలబడింది? అడుగున ఏమైనా పెట్టారా?”

చుట్టూ జనం. చెవుల నిండా పొగడ్తలు. నలభై ఏళ్ళుగా ఎదురుచూసిన రోజు. లింగాచారి చేతులు చూపించి, అంతా వీటిలోనే ఉందన్నాడు. సోమన్న నమ్మాడు. గురువు మాట కదా మరి, నమ్మక ఏం చేస్తాడు?

వారం తిరక్కుండా సోమన్న నూలుదారం పట్టుకుని గురువు ఇంటికి వచ్చాడు. పడవను అరుగు మీద పెట్టి, కొయ్య పొడవు, కడుపు వెడల్పు, అడుగు లోతు అన్నీ కొలుచుకున్నాడు. మాణిక్యాంబ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగుతూ సోమన్న రెండోసారి అడిగాడు. రాళ్ళ బరువు వద్దంటున్నారు రాజుగారు, ఆ చోటంతా సరుకు నింపుకోవచ్చని ఆయన ఆశ, చిన్న పడవ కడుపులో రాయి లేకుండానే నిలబడింది కదా అంటున్నారు, మీరేమంటారు అని. సీసం అన్న మాట లింగాచారి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే మళ్ళీ పొట్టికొయ్య ఆచారే. ఆయన గడ్డం నిమురుకుని, ఇప్పుడు పెద్ద మేస్త్రీవి నువ్వు, నీ తెలివికి తోచినట్టు చెయ్యి అన్నాడు.

శిష్యుడు వెళ్ళాక మాణిక్యాంబ గ్లాసు తీస్తూ, సీసం సంగతి చెప్పలేదేమండీ అని అడిగింది. వాడు అడగలేదని ఆయన అన్నాడు. అడిగాడు, వంటింట్లోంచి నేను విన్నాను అందామె. వేలాపురంలో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఓడ కట్టిన మేస్త్రీ దాని తొలి ప్రయాణంలో ఓడ మీదే ఉండాలి. మునిగితే తానూ మునగాలి. ఆ మాట గుర్తుచేసి మాణిక్యాంబ భర్త ముఖంలోకి చూసింది.

“మీ పేరు నిలవడానికి వాడు మునగాలా, లేక వాడు మునగడమే మీకు కావాలా?”

లింగాచారి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కోపం వచ్చినందుకు కాదు. ఆ రెండో మాటలో కొంత నిజం ఉన్నందుకు.

ఓడ లేచింది. పది నెలల్లో, అరవై మంది ఎక్కే ఓడ, తాటిచెట్ల మీంచి కనబడేంత కొయ్య. సముద్రం మీదికి పోకముందు నదిలో ఒకసారి నడిపి చూడాలని నిశ్చయించారు. ఆ ఉదయం నూకయ్య తలకు కొత్త తువ్వాలు చుట్టుకుని లింగాచారి వాకిట్లోకి వచ్చాడు. కొయ్య ఎక్కే పని తనకే ఇచ్చారని సంబరంగా చెప్పాడు. చెప్పి కాస్త తటపటాయించాడు.

“అంత పొడుగు కొయ్య నానెప్పుడూ ఎక్కలేదు బాబూ. అయితే అది మీ సేతి పడవ సూసి కట్టిన ఓడ గదా. ఎక్కమంటారా?”

ఇది మూడోసారి. లింగాచారి మనసు వెంటనే ఒక సాకు వెతుక్కుంది. ఇవాళ నదిలోనే కదా, సముద్రానికి ఇంకా పది రోజులుంది, ఈలోగా సోమన్నకు చాటుగా చెప్పి రాళ్ళు వేయించవచ్చు, పేరూ దక్కుతుంది, ఓడా దక్కుతుంది. ఆయన నూకయ్య భుజం తట్టి తల ఊపాడు. నూకయ్య దండం పెట్టి వెళ్ళాడు.

నది మధ్యలో తెరచాప విప్పగానే పక్కగాలి కొట్టింది. ఓడ వంగింది. చిన్న పడవలా మళ్ళీ లేవలేదు, ఇంకా వంగింది. కొయ్య కొస నీళ్ళను తాకింది. సోమన్న గొడ్డలితో తాళ్ళు నరికి తెరచాపను నీళ్ళలోకి వదిలేస్తే ఓడ ఎలాగో లేచింది. కొయ్య మీది నూకయ్య మాత్రం ఆ తెరచాప కిందే ఉండిపోయాడు. బయటికి తీసేసరికి తలకు చుట్టుకున్న తువ్వాలు ఇంకా ఊడలేదు.

తాడు వదలడంలో నూకయ్యే పొరపాటు చేసి ఉంటాడని రాజు తేల్చేశాడు. ప్రయాణానికి పెట్టిన ముహూర్తం మార్చనన్నాడు. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా.

మూడో రోజు లింగాచారి పరామర్శకు వెళ్ళాడు. వాకిట్లోనే నిలబడ్డాడు. నూకయ్య భార్య ఎర్రమ్మ లోపలినుంచి వచ్చి, పీట వేసింది. ఏదో గుర్తొచ్చినట్టు వెళ్ళి, దండెం మీది వల దించి, దాని అంచున ఉన్న సీసం గుళ్ళు ఒక్కొక్కటే కోసి ఆయన ఉత్తరీయంలో పోసింది.

“తూకం గుండుకని అడిగారంట గదా బాబూ, మా ఆయన సెప్పేవోడు. ఇంక ఈ వల ఇసిరేవోళ్ళు లేరు. మీకైనా పనికొత్తది, అట్టుకెల్లండి.”

లింగాచారి ఆ మూట పట్టుకుని ఇంటికి పోలేదు. పోవడానికి ముఖం చెల్లలేదు. నేరుగా రాజసభకు వెళ్ళాడు. సింహాసనం పక్కన పట్టు పీట మీద రాజు తెప్పించి పెట్టిన ఆయన చిన్న పడవ ఉంది, వచ్చినవాళ్ళందరూ చూసి మెచ్చుకోవడానికి. ఆయన దాన్ని కింద పెట్టి, నడుముకున్న బాడిస తీసి, అడుగున ఒకే ఒక్క వేటు వేశాడు. చెక్క చీలింది. సీసం ముద్ద రాతినేల మీద దొర్లింది. దాని పక్కనే ఎర్రమ్మ ఇచ్చిన గుళ్ళు పోశాడు.

“మహారాజా, ఈ పడవను నిలబెట్టింది నా చేతులు కావు, ఈ సీసం. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ దాచాను. నూకయ్యను చంపింది తాడు కాదు, నేను. ఆ ఓడకు కొయ్య సగానికి కోయించండి, కడుపు నిండా రాళ్ళు వేయించండి. లేదా అరవై మందినీ ఇక్కడే ముంచేయండి.”

సోమన్న ఆ సీసం ముద్దను చూశాడు, తరువాత గురువును చూశాడు, తరువాత చూడటం మానేశాడు.

రాజు ఏం చేశాడనుకుంటున్నారు? ఒక బొమ్మ పడవను చూసి రాజు మోసపోయాడని నలుగురికీ తెలిస్తే పరువేం కాను? అందుకని శాలువా, కంకణం వెనక్కి తీసుకున్నాడు. ముసలి ఆచారికి మతి చలించిందని దండోరా వేయించాడు. ఆ దండోరా మోగుతుండగానే, చప్పుడు కాకుండా కొయ్య కోయించాడు, రాళ్ళు వేయించాడు. నూకయ్యదే పొరపాటన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఓడ ముహూర్తానికే బయలుదేరింది. సముద్రం మీద రెండుసార్లు గాలివాన పట్టుకున్నా వంగి లేచింది, వంగి లేచింది. నాలుగు నెలలకు అరవై మందీ ఇళ్ళకు చేరారు. తల్లులు రాజుకు హారతులిచ్చారు. లింగాచారి గుమ్మం వైపు ఎవరూ రాలేదు. మునగని ఓడను చూసి, ఇది మునగకుండా ఆపిందెవరని అడిగే అలవాటు ఆ ఊరికి మొదటినుంచీ లేదు.

ఒక్క సోమన్న వచ్చాడు. పెరటి తడిక దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రమ్మని మాణిక్యాంబ పిలిచినా రాలేదు, మజ్జిగ ఇస్తానన్నా వద్దన్నాడు. గురువు చేస్తున్న పని ఆపి లేచి నిలబడ్డాడు. ఏ మాట అన్నా పడదామనే నిలబడ్డాడు. సోమన్న తిట్టలేదు.

“మొదటి రోజే అడిగాను గురువుగారూ” అన్నాడు. అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

లింగాచారి ఇప్పటికీ పడవలు చేస్తూనే ఉన్నాడు. పొట్టి కొయ్యలు పెడుతున్నాడు. సీసాన్ని లోపల దాచకుండా, అడుగున బయటికి కనబడేట్టు మేకులు కొట్టి బిగిస్తున్నాడు, దానిమీద రంగు కూడా వేయడు. చూసినవాళ్ళు ఈ వికారం ఏమిటని పెదవి విరిచి పోతారు. అవి వసారా గోడ పొడుగునా వరసగా ఉన్నాయి. చివరన సభనుంచి తిరిగి తెచ్చుకున్న ఆ పొడుగు కొయ్య పడవ, అడుగు చీలి, అలాగే ఉంది. ఆయన దాన్ని బాగుచేయడు, మాణిక్యాంబను పారేయనివ్వడు. ఎర్రమ్మ పొద్దున్నే చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ తడిక పక్కనుంచే వెళుతుంది. ఆమె వెళ్ళేదాకా ఆయన తల ఎత్తడు.

కాబట్టి పిల్లలూ, నిజాన్ని ఎప్పుడు చెప్పినా మంచే జరుగుతుంది గాని, ఆలస్యంగా చెప్పిన నిజం మిగిలినవాళ్ళను మాత్రమే కాపాడుతుంది.