చీమ దూరని కంచె

లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఓబులేసు వరసగా మూడో రోజు కూడా, ఊళ్లో అందరూ మంచీచెడూ అడిగే గురువమ్మ ఇంటి ముందుకొచ్చి కూర్చున్నాడు. పక్కనే భార్య ఈరమ్మ, అరిగిపోయిన మోకాలు చాపుకొని కూర్చుంది. ఉగాది దాటాక ఆ మోకాలికి ఆపరేషన్.

గురువమ్మ చేటలో అలసందలు ఏరుకుంటోంది. తలెత్తలేదు.

“అమ్మా, ఇవాళన్నా చెప్పండి. మధ్యాహ్నం సంతకం పెట్టాలి” అన్నాడు ఓబులేసు.

అతని చేతిలో నాలుగు ఫండ్ల కాగితాలున్నాయి. ఒకటి బంగారంలో పెట్టేది. ఒకటి పెద్ద పెద్ద భవనాల్లో పెట్టేది. ఒకటి ఇక్కడ కొని అక్కడ అమ్మేది. నాలుగోది కొన్ని షేర్లు పెరుగుతాయని, కొన్ని పడిపోతాయని రెండు వైపులా పందెం కాసేది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా ఆ నాలుగోదాంట్లో పెట్టమని ఏజెంటు పోరుతున్నాడు.

“దాన్ని హెడ్జ్ ఫండ్ అంటారమ్మా. హెడ్జ్ అంటే కంచె. మామూలు ఫండు కంచె లేని చేనంట. ఇది కంచె వేసిన చేను.”

“నిన్న చెప్పావు.”

“మార్కెట్ పడినా మన డబ్బు జోలికి ఏదీ రాదంట.”

“మొన్న కూడా చెప్పావు.”

“అన్నం తింటా కూడా ఇదే గోలమ్మా” అంది ఈరమ్మ. “మొన్న నన్ను కూడా కంచె అని పిలిచినాడు.”

“నువ్వూరుకో. అమ్మా, మంచి కంచేనా కాదా, ఒక్క మాట చెప్పండి.”

గురువమ్మ చేట పక్కన పెట్టింది. ఆ పెట్టడంలో నాలుగు అలసందలు ఎగిరి కింద పడ్డాయి. లేచి, పెరట్లో గోరుచిక్కుడు మడి చూపించింది. సగం మొక్కలు మేకలు కొరికేసి ఉన్నాయి. పక్కన కంపల మోపు పడి ఉంది.

“కట్టు. ఎట్టాంటి కంచె మంచిదో నాకూ తెలుస్తుంది.”

ఓబులేసుకు హుషారొచ్చింది. కంపలన్నీ మడి చుట్టూ పరిచాడు. బండి డిక్కీలోంచి తీగ, కటింగ్ ప్లేయర్ తెచ్చుకున్నాడు. ముడులు బయటికుంటే మేకలు లాగేస్తాయని లోపల నిలబడి కట్టుకుంటూ వచ్చాడు. ఒక్కో ముడిని ప్లేయర్‌తో మూడు మెలికలు తిప్పాడు. ఎండ నడినెత్తికొచ్చింది. ఆఖరి సందు కూడా మూసి, తీగ బిగించి, చెమట తుడుచుకున్నాడు.

“అమ్మా, వచ్చి చూడండి! చీమ కూడా దూరదు!”

గురువమ్మ వచ్చి చుట్టూ తిరిగింది. కంపను పట్టుకొని ఊపి చూసింది. కదల్లేదు.

“బాగా కట్టావు. ఇంక రా, సంగటి తిందువు.”

ఓబులేసు అటు చూశాడు, ఇటు చూశాడు. నాలుగు వైపులా కంపే.

పెరటి గోడ దగ్గర కూర్చున్న ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మేకలు రాకుండా కట్టమంటే ఈయన తన్నే కట్టేసుకున్నాడు.”

అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. రెండు చేతులకూ ముళ్లు గుచ్చుకొని ఉన్నాయి. వేళ్ల కొసలతో ఎలాగో పైకి తీసి స్పీకరు నొక్కాడు.

“సార్, మీ ఇంటి కాడే ఉన్నా. తాళం వేసుంది. ఫారం తెచ్చినా, సంతకం ఒక్కటే ఆలస్యం” అన్నాడు ఏజెంటు.

ఓబులేసు కంచె అవతల, గోడ పట్టుకొని లేవబోతున్న ఈరమ్మను చూస్తున్నాడు. ఒకసారి లేవబోయి కూలబడింది. రెండోసారి లేచింది.

“సార్? లైన్లో ఉన్నారా?”

“ఉన్నా. ఈ డబ్బు నడుమలో కావాలంటే తీసుకోవచ్చా?”

అటువైపు ఏజెంటు ఫారం తిరగేసిన చప్పుడు.

“నడుమలో కుదరదు సార్. మూడేళ్లు కదపడానికి లేదు. అది మన మంచికే సార్.”

ఓబులేసు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆఖరి ముడి దగ్గర కూర్చొని, ప్లేయర్‌తో ఒక్కో మెలికా వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. అరచేతిలో ముల్లు విరిగింది.

గురువమ్మ లోపలికి పోతూ పోతూ ఆగింది.

“నిదానంగా రా నాయనా. మూడేళ్లుందిగా.”