నాలుగో వార్డులో కళ్ళజోడు గుర్తు

కిల్లాన వారికి తెలివి ఎక్కువ. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళన్నదే. ఊరంతటికీ రావలసిన తెలివి తమ ఇంట్లోనే దిగిపోయిందని, అందుకే మిగతా ఇళ్ళకి మిగల్లేదని ఆ ఇంటి పెద్దామె పోలమ్మ అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళకి చెప్తుండేది. ఆమెకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు సూరప్పడు, నడిపోడు నరసయ్య, ఆఖరోడు ఎర్రయ్య. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తారు. అదే వాళ్ళ తెలివి.

వాళ్ళ వీధిలో బోరింగు పాడై ఐదేళ్ళు. లోపల వాషరు అరిగింది, అంతే. వార్డు మెంబరు దాలినాయుడు "చూద్దాం" అన్నాడు. ఐదేళ్ళూ చూశాడు. డెబ్బై ఏళ్ళ పోలమ్మ బిందె చంకనేసుకుని పక్కవీధిలో దాలినాయుడు గుమ్మం ముందున్న బోరింగుకి వెళ్ళేది. "వచ్చావా, మా బోరింగు అరగదీయడానికి?" అనేది దాలినాయుడు పెళ్ళాం నూకాలు. రోజూ అదే మాట. పోలమ్మ ఆ మాట పడి ఆ నీళ్ళు తెచ్చేది.

ఇంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి.

"ఒరే సూరప్పడా, నువ్వు మెంబరువైపోరా. నేను పోయేలోగా మన బోరింగులో ఒక్క బిందె నీళ్ళు కొట్టుకోవాల. ఆ నూకాలు గుమ్మం తొక్కకుండా" అంది పోలమ్మ.

అంతే. సూరప్పడు నామినేషనేశాడు. కళ్ళజోడు గుర్తిచ్చారు. దాలినాయుడికి బుట్ట గుర్తు.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, వాళ్ళు తలుపేసుకుని ఇంట్లో పడుకున్నా సూరప్పడు గెలిచేవాడు. బోరింగు మూలంగా వార్డులో సగం పైన జనం దాలినాయుడి మీద మండిపడుతున్నారు. కానీ ఊరుకోవడం ఒక్కటే కిల్లాన వారికి చేతకాదు.

"ఒక్క గుమ్మం కూడా వదలొద్దు, అందర్నీ ఓటడుగు" అని ఎవరో పెద్దమనిషి సూరప్పడికి చెప్పాడు. ఆ పెద్దమనిషి ఎవరన్నది ఇప్పుడనవసరం. ఇంకేముంది, సూరప్పడు తిన్నగా దాలినాయుడి గుమ్మంలోకే వెళ్ళాడు.

"మావా, నీ ఓటు నాకెయ్యి."

దాలినాయుడు పళ్ళు తోముకుంటున్నవాడు నోట్లో పుల్ల తీశాడు. "నీకు కాకపోతే ఎవరికేస్తాను అల్లుడూ! మరి నీ ఓటు నాకేస్తావా?"

"అడగ్గానే నువ్వు కాదనలేదు. నేనెలా కాదంటాను మావా? వేస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

సూరప్పడు ఇంటికొచ్చి "ఎదటోడి ఓటే లాగేశానమ్మా" అన్నాడు. పోలమ్మ కొడుక్కి దిష్టి తీసింది.

పోలింగు ముందురోజు పట్నం నుంచి ఆఫీసరొచ్చి, పోటీ చేసేవాళ్ళనీ వాళ్ళ మనుషుల్నీ కూర్చోబెట్టి రెండు ముక్కలు చెప్పాడు. పోలింగు జరిగే బడికి వంద మీటర్ల లోపల మీ గుర్తు కనబడకూడదు, కనబడితే కేసు. రెండోది, ఓటు ఎవరికేశారో ఎవరికీ తెలియకూడదు.

తెల్లారేసరికి నరసయ్య, ఎర్రయ్య తాడేసి వంద మీటర్లు కొలిచి, ఆ గీత దగ్గర కాపలా నిలబడ్డారు. ముందుగా గౌరమ్మవ్వ వచ్చింది.

"అవ్వా, ఆగు. మా గుర్తు నీ ముక్కు మీదుంది" అన్నాడు నరసయ్య.

"నా కళ్ళజోడురా అది!"

"అదే మా గుర్తు. అది లోపలికెళ్తే మా అన్న మీద కేసు. ఇటియ్యి."

"అది లేకపోతే నాకేటి కనబడదురా నాయనా!"

"నీకు కనబడ్డం కాదవ్వా. అది కనబడకూడదు."

అంతే. గౌరమ్మవ్వ కళ్ళజోడు ఊడబీకారు. ఆ తరవాత వచ్చిన వాళ్ళవీ ఊడబీకారు. నాదీ ఊడబీకారు. ఇరవై మూడు కళ్ళజోళ్ళు పోగయ్యాయి. అన్నీ ఎక్కడ పెట్టాలి? ఎర్రయ్య ఇంటికి పరిగెత్తి ఒక బుట్ట తెచ్చాడు. పెద్ద బుట్ట, కొత్తది. కళ్ళజోళ్ళు అందులో వేసి, గుడ్డ కప్పి, నరసయ్య నెత్తిన పెట్టాడు.

కానిస్టేబులొచ్చాడు. "ఏవయ్యా, మీరు కళ్ళజోడు మనుషులు కదా? బుట్ట మోస్తున్నారేంటి?"

"బుట్ట మా గుర్తు కాదండి. దాని సంగతి దాలినాయుడు మావనడగండి" అన్నాడు నరసయ్య.

కానిస్టేబులు తాడు చూశాడు, గీత చూశాడు. బుట్ట గీతకి బయటే ఉంది. వెళ్ళిపోయాడు.

కళ్ళజోడు లేని ముసలివాళ్ళకి దార్లో చివరిసారిగా కనబడింది నరసయ్య నెత్తి మీది బుట్ట. లోపల కాగితం మీద మసగ్గా, గుండ్రంగా ఏదో ఉంది. ఇప్పుడే చూసిన వస్తువులా ఉందని దాని మీదే ముద్ర గుద్దారు.

పోలమ్మ వంతొచ్చింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళింది.

"కళ్ళు మూసుకున్నావేం మామ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఎవరికీ తెలియకూడదన్నావంట కదా బాబూ. ఎవరికీ అంటే అందులో నేను లేనా?"

ముద్ర ఆమె ఎడంచేతి మీద పడింది. కాగితం తెల్లగా పెట్టెలోకి వెళ్ళింది. బయటికొచ్చాక ఎర్రయ్య "ఎవరికేశావమ్మా?" అనడిగాడు.

"నాకే తెలీదు. ఇంక నీకేటి తెలుస్తుంది!" అంది పోలమ్మ గర్వంగా.

ఆఖర్న సూరప్పడు వెళ్ళి, ఒట్టు తప్పకుండా బుట్ట మీద ముద్ర గుద్ది వచ్చాడు.

భోజనాలయ్యాక లెక్కపెట్టారు. దాలినాయుడికి ముప్పైమూడు, సూరప్పడికి ముప్పైరెండు. చెల్లనిది ఒకటి.

"ఒక్క ఓటుతో పోయిందే! మనలో దాలినాయుడికేసిన ఆ వెధవెవడ్రా?" అని వీధి వీధంతా అరిచింది.

"నేనే. మాటిచ్చాను" అన్నాడు సూరప్పడు చెయ్యెత్తి.

ఎర్రయ్య బుట్ట దింపాడు. జనం మీదపడి, చేతికందిన కళ్ళజోడు పెట్టుకుని పోయారు. నాకు అందినది ఎవరిదో నాకు తెలీదు. కుడికంటికి ఊరు దగ్గరగానూ ఎడమకంటికి దూరంగానూ కనబడుతోంది. ఎన్నిసార్లడిగినా "కళ్ళజోడిచ్చేశాం కదా తాతా" అంటారు. ఇది నేను మరిచిపోను.

ఇంటి దగ్గర పోలమ్మ ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. "ఇంక నాకు నూకాలు గుమ్మమే గతి."

ముగ్గురు కొడుకులూ కూర్చుని ఆలోచించారు.

"అన్నా, మెంబరు గుమ్మం ముందున్న బోరింగు ఐదేళ్ళలో ఒక్కసారైనా పాడైందా?" అన్నాడు ఎర్రయ్య.

"లేదు."

"మన గుమ్మం ముందుది?"

"పాడై పడుంది."

"మరి లోటు బోరింగుదా, గుమ్మానిదా?"

ఇంకేముంది. గునపాలు తీశారు. దాలినాయుడు ఊరేగింపులో దండలేసుకుని తిరుగుతుంటే, వీళ్ళు బోరింగు పీకి, భుజాల మీద మోసుకెళ్ళి, అతని గుమ్మం ముందు రెండు మూరల గొయ్యి తవ్వి, పాతి, మట్టి తొక్కారు.

అక్కడ దాలినాయుడికి భయం పట్టుకుంది. ఒక్క ఓటుతో బతికాను, మళ్ళీసారి బతకను అనుకుని ఊరేగింపు మధ్యలోంచే మెకానిక్కుకి కబురు పెట్టాడు. మర్నాడే అతను కొత్త వాషరు పట్టుకుని వీధిలోకొచ్చి చూస్తే గొయ్యి ఉంది.

"పెద్దమ్మా, ఇక్కడ బోరింగేదీ? బాగుచేయడానికొచ్చాను."

"ఆలస్యంగా వచ్చావు నాయనా. అది బాగయ్యే చోటుకి వెళ్ళిపోయింది" అని పోలమ్మ బిందె చంకనేసుకుని నడిచింది.

దాలినాయుడి గుమ్మం ముందు రెండు బోరింగులు పక్కపక్కనే ఉన్నాయి. పోలమ్మ తమది పట్టుకుని కొట్టడం మొదలెట్టింది. గాలి వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ గాలే.

నూకాలు చూసి చూసి, జన్మలో మొదటిసారి జాలిపడింది. "దాంట్లో నీళ్ళెలా వస్తాయే? పక్కన మాది ఉంది కదా, పట్టుకుపో."

"మీది అరగదీయనమ్మా. మాది మాకుంది" అంది పోలమ్మ.

సాయంత్రానికి ముగ్గురు కొడుకులూ వంతులేసుకుని కొడుతున్నారు. బిందె కింద పెట్టే ఉంది.