పదివేల ఒక్కమంది భటులు

అనగా అనగా ఏటికి ఎగువన ఒక కోట, దిగువన ఒక పల్లె. కోటను రణధీరుడనే రాజు ఏలేవాడు. పల్లెలో విభావరి అనే విదుషి పిల్లలకు గణితం బోధించేది.

రాజు సైన్యం పదివేలు. సున్నతో ముగిసే లెక్క శుభం కాదని, కానుకల మీద ఒకటి చేర్చినట్లే, రాజమాత మరొక భటుణ్ణి చేర్పించింది. నాటినుండి ఆ సైన్యాన్ని సమాన వరుసలలో నిలపడం ఎవరికీ కుదరలేదు.

"మా అమ్మ చేతి చలువ! ఈ సంఖ్యను విడదీయడం బ్రహ్మతరం కాదు. నా సైన్యమూ అంతే!" అని రాజు మీసం దువ్వాడు. ఆ గర్వంతోనే ఏటికి అడ్డుకట్ట వేయించాడు. దిగువన వరినారు ఎండసాగింది.

పల్లెవారు వెళ్ళి మొరపెట్టుకున్నారు. రాజు నవ్వాడు.

"నా భటులను ఈ మైదానంలో సమాన వరుసలలో నిలపండి. ఒక్కడూ మిగలరాదు. అందరినీ ఒకే బారుగా నిలపరాదు. మూడు అవకాశాలు. గెలిస్తే నీరు మీది, ఓడితే ఆశ వదులుకోండి."

ఊరిపెద్ద వీరభద్రయ్య తొందరపడి "నూరు వరుసలు!" అన్నాడు. ఒకడు మిగిలాడు.

"మళ్ళీ నేనేనా?" అని ఆ భటుడు నిట్టూర్చాడు. మైదానం గొల్లుమన్నది.

"పదకొండు వరుసలు శుభప్రదం" అన్నాడు ఊరి పురోహితుడు. ఇద్దరు మిగిలారు.

"పోనీలే, ఈసారి తోడు దొరికింది" అన్నాడు ఆ భటుడే.

వీరభద్రయ్య వాడిన ముఖంతో, వెంట వచ్చిన విభావరి వైపు తిరిగాడు. "అమ్మాయీ, మా తొందర ఊరి పీకల మీదికి తెచ్చింది. ఇక నీదే భారం."

విభావరి నేలపై కూర్చుండి, ఇసుకలో వేలితో లెక్క మొదలుపెట్టింది.

"ఏమమ్మా, ముగ్గులు వేస్తున్నావా?" అన్నాడు రాజు.

"లెక్క వేస్తున్నాను ప్రభూ. వరుసలూ, వరుసలోని మనుషులూ రెండూ నూటికి మించితే, నూటొక్క నూటొకట్లకే పదివేల రెండువందలు దాటిపోతుంది. కనుక రెండింటిలో ఒకటి నూటికి లోపలే ఉండాలి. అంతవరకు వెదకితే చాలు."

మూడు కుదరలేదు. ఏడు కుదరలేదు. పదమూడు కుదరలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. అరవై దాటినా శేషం మిగులుతూనే ఉన్నది.

"చాలులే తల్లీ, అది విడిపోదేమో!" అన్నాడు వీరభద్రయ్య నీరసంగా.

"నూరు ఇంకా రాలేదు బాబాయ్" అన్నదామె, తల ఎత్తకుండానే.

అంతలో ఆమె వేలు ఆగింది. ముఖం వెలిగింది. లేచి నిలిచి కంఠమెత్తి పలికింది:

"డెబ్బై మూడు వరుసలు! వరుసకు నూట ముప్పై ఏడుగురు!"

భటులు కదిలారు. వరుస వెనుక వరుస నిండింది. కడపటి వరుసలో కడపటి చోటు ఖాళీగా ఉన్నది. ఒంటరి భటుడు పరుగున వెళ్ళి అందులో నిలిచి, "అమ్మా, నాకూ చోటు దొరికింది!" అని కేకవేశాడు. మైదానం జయజయధ్వానాలతో మారుమ్రోగింది.

రాజు స్వయంగా ప్రతి వరుసనూ లెక్కించుకున్నాడు. ఒక్కడూ మిగలలేదు, ఒక్కడూ తగ్గలేదు.

"విభావరీ, ఈ సంఖ్య అభేద్యమని నమ్మానే గాని పరీక్షించలేదు. గెలిచావు" అని తలవంచి, కట్ట తెగగొట్టించాడు. నీరు గలగలమని పల్లెకు పరుగుతీసింది. వాడిన నారు తల ఎత్తింది. ఊరు ఊరంతా విభావరిని భుజాలపై మోసుకొనిపోయింది.

నీతి: తుదివరకు పరీక్షింపక దేనినీ అసాధ్యమనరాదు.